పచారీ కొట్టు చిట్టా

మన కథల్లో ఆకలి కావలసినంత ఉంది. తిండే తక్కువ.

ఈ మాట దురుసుగా వినిపించవచ్చు. అభ్యుదయ సాహిత్యం అన్నం లేనివాడి పక్షాన నిలబడి ఎదిగింది కదా అని మిత్రులు అడగవచ్చు. నిజమే. ఆకలి అనగానే మన కథకుడికి స్ఫురించేవి ఎండిన డొక్క, బోర్లించిన కుండ, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పసిబిడ్డ. చివర ఒక చావు, లేదా ఒక తిరుగుబాటు. అయితే పేదవాళ్ళలో చాలామంది రోజూ పస్తుండరు. రోజూ తింటారు. చాలీచాలని డబ్బుతో, ఏది కొనాలో ఏది మానాలో లెక్క చూసుకొని తింటారు. ఆ లెక్క మన సాహిత్యంలో ఎంతవరకు వచ్చిందన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి పుట్టలేదు. కొన్నేళ్ళ కిందట మా శాఖ నెలవారీ సమావేశంలో ఒక యువ రచయిత్రి కథ చదివింది. తాపీ పనివాడి భార్య కథ. ఇసుక రాక మొగుడికి పనుల్లేవు. ఇంట్లో రేషను బియ్యం ఉన్నాయి, మరేమీ లేదు. మర్నాడు అన్న వస్తున్నాడు. మోపెడ్ మీద తిరిగి బియ్యం కొనేవాడికి ఆమె ఐదు కిలోలు, కిలో పది రూపాయల చొప్పున అమ్ముతుంది. చేతికొచ్చిన యాభైలో రెండు గుడ్లు పద్నాలుగు, నూనె ఇరవై, ఉల్లిపాయలు పది, టీపొడి పొట్లం ఐదు. మిగిలింది ఒక రూపాయి. రెండు గుడ్లని నలుగురికి ఎలా వండాలన్నదే ఆ తరవాతి రెండు పేజీలూ. ఉల్లిపాయ ఎక్కువ వేసి పులుసు పెడుతుంది. చెరో గుడ్డూ అన్నకీ మొగుడికీ పోగా, పిల్లాడికి పులుసులో చెదిరిన తెల్లసొన ముక్కలు. తనకి గిన్నె తుడిచి కలుపుకున్న అన్నం. అన్న వెళ్తూ వెళ్తూ, “చెల్లీ, నీ చేతి పులుసు అమ్మ చేతి పులుసే” అంటాడు. అక్కడ కథ అయిపోతుంది.

సభలో ఒక పెద్దాయన లేచి, “ఇది కథా, పచారీ కొట్టు చిట్టానా? ఇందులో సంఘర్షణ ఎక్కడుంది? ఈమె చైతన్యం ఏ దిశగా పోతోంది?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ తలూపాను. అంతటితో ఊరుకోక, వస్తువు పరిమితమైపోయిందనీ, వ్యవస్థ మూలాల్లోకి పోలేదనీ నా ఎం.ఏ. పరిజ్ఞానమంతా ఉపయోగించి పావుగంట మాట్లాడాను.

నా పొరపాటు ఎక్కడుందో తెలియడానికి చాలాకాలం పట్టింది.

2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకిచ్చిన అఫిడవిట్టులో రోజుకి పట్టణంలో 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగినవాణ్ణి పేదవాడిగా లెక్కించనక్కరలేదన్నట్టుగా గీత గీసింది. తిండి ఒక్కటే కాదు, చదువూ వైద్యమూ కూడా అందులోనే. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ డబ్బుతో బతికి చూస్తామని చదువుకున్న యువకులు కొందరు పూనుకున్నారు. పత్రికలు రాశాయి. వాళ్ళ చిత్తశుద్ధిని నేను శంకించను. కాని అటువంటి ప్రయోగానికి ముగింపు తేదీ ఉంటుంది. అప్పు ఉండదు. ఇంటికి చుట్టం రాడు. నెల మధ్యలో పిల్లాడికి జ్వరం రాదు. పైగా నెల సరుకు ఒక్కసారే తెచ్చుకునే వెసులుబాటు ఉన్నవాడికి కిలో ధర పడుతుంది. పది రూపాయల నూనె, ఐదు రూపాయల టీపొడి కొనుక్కునేవాడికి అదే సరుకు ఇంకా ప్రియం. తక్కువ డబ్బున్నవాడే ఎక్కువ ధర చెల్లించడమన్న ఈ వైపరీత్యం అంకెల గీతలో కనబడదు. చూపించవలసింది కథ.

చూపించినవాళ్ళు లేకపోలేదు. 1937లో వచ్చిన ‘ది రోడ్ టు విగన్ పియర్’లో జార్జ్ ఆర్వెల్ పని పోయిన ఒక గని కార్మికుడి కుటుంబం వారం ఖర్చు చిట్టాను పుస్తకం మధ్యలో అచ్చు వేశాడు. (ఆర్వెల్ రాజకీయాలతో నాకు పెద్ద తగాదా ఉంది, ఆ పుస్తకం రెండో భాగంతోనూ ఉంది. అది వేరే వ్యాసం.) అక్కడా అంకె 32: వారానికి 32 షిల్లింగులు. అందులో తొమ్మిది పైచిలుకు అద్దెకే పోతుంది. ఇంట్లో మూడేళ్ళు నిండని పిల్లలున్నా పాలకి పదిన్నర పెన్నీలు. పళ్ళకి ఏమీ లేదు. పంచదారకి మాత్రం ఒక షిల్లింగు తొమ్మిది పెన్నీలు, అంటే పాల ఖర్చుకి రెట్టింపు. బుద్ధిమంతులు ఇక్కడ పేదవాడి అవివేకాన్ని చూస్తారు. ఆర్వెల్ మనిషిని చూశాడు. పని లేక, విసిగి, దిగులుపడి ఉన్నవాడికి ఒంటికి మంచిదైన చప్పిడి తిండి సహించదనీ, కాస్త రుచి కావాలనిపిస్తుందనీ అతను గ్రహించాడు. మన దగ్గర సాయంత్రం కూలి డబ్బుల్లోంచి మిరపకాయ బజ్జీ కొనుక్కు తినేవాణ్ణి “అందుకే బాగుపడరు” అని ఈసడించే ఉద్యోగస్థులు నా స్టాఫు రూములోనూ ఉన్నారు.

మనవాళ్ళలో ఈ లెక్క తెలిసినవాడు చాసో. ‘ఎంపు’ చూడండి. ముష్టివాడు కూతురికి వరుణ్ణి ఎంచుతున్నాడు. పిల్ల మనసు కుంటివాడి మీద ఉంది. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. ఎందుకు? గుడ్డివాడికి ముష్టి ఎక్కువ పడుతుంది. కథంతా ఈ ఆదాయ వ్యయాల మీదనే నిలబడింది. చాసో ఎక్కడా కన్నీరు పెట్టడు, ఎవరినీ తిట్టడు. ఆ ముసలాడి చేత బేరం ఆడిస్తాడంతే. ప్రేమను సైతం చిల్లర డబ్బుల్లోకి మార్చుకోవలసి వచ్చిన బతుకు మన ముందు నిలుస్తుంది. ‘కుంకుడాకు’లో పొయ్యి కిందికి ఆకు ఏరుకునే పిల్ల ఉంది. బియ్యం ఉంటే చాలదు, ఉడకాలి కదా! వంటచెరుకు తిండి ఖర్చులో భాగమని గుర్తున్న రచయితలు తక్కువ. కారా మాస్టారి ‘చావు’లో ఆ కట్టెల ప్రశ్నే మరోవైపు నుంచి వస్తుంది: బతికినప్పుడు చలి కాచుకోవడానికి లేని కట్టెలు చచ్చాక కాల్చడానికి ఎక్కణ్ణుంచి తేవాలి?

ఇక్కడ మరొకటి గమనించాలి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. ఇప్పుడు రేషను బియ్యానికి ఆ రెండు రూపాయలు కూడా పుచ్చుకోవడం లేదు. కార్డున్న ఇంట్లో కుండ చాలావరకు ఖాళీగా లేదు. ఖాళీగా ఉన్నది పక్కనున్న గిన్నె. పప్పు లేదు, నూనె లేదు, కూర లేదు. జొన్న, సజ్జ కంచం నుంచి తప్పుకున్నాయి. ఆకలి రూపం మారింది. మన కథల్లో కుండ ఇంకా బోర్లించే ఉంది. రేషను బియ్యం అమ్ముకోవడం నేరమని అధికారులు అంటారు. వెనక ఉన్న పెద్ద వ్యాపారుల సంగతి వాళ్ళు చూసుకోవలసిందే. ఇంటి లోపలినుంచి చూస్తే అది బియ్యాన్ని ఒక గుడ్డుగా, ఇరవై రూపాయల నూనెగా మార్చుకోవడం. మా శాఖలో చదివిన ఆ కథ ఈ సంగతి పట్టుకుంది. సంఘర్షణ ఎక్కడని మేము అడిగాం. నలుగురికి రెండు గుడ్లు పంచడంలో ఉంది. వండిన మనిషి భాగానికి ఏం మిగిలిందో అన్నకి కనబడకుండా దాచడంలో ఉంది. ఆమెకు చైతన్యం లేదన్నాం. ఆ ఇంట్లో యాభై రూపాయల మీద అంత స్పష్టమైన అవగాహన ఉన్న మనిషి మరొకరు లేరు.

ఆ అమ్మాయి మా మాట విన్నది. అదే బాధ. కథ చివర అన్న మాట తీసేసి, వీధిలో ధరల పెరుగుదల మీద ఊరేగింపు పోతున్నట్టూ, చేతిలోని గరిటె పడేసి ఈమె అందులో కలిసినట్టూ మార్చింది. పత్రికలో వచ్చింది. బాగుందని ఉత్తరాలు కూడా వచ్చాయట. ఊరేగింపులంటే నాకు విముఖత లేదు, నేను నడిచినవాణ్ణే. కాని పొయ్యి మీద పులుసు, ఆకలితో కొడుకు, కంచం ముందు అన్న ఉండగా ఆ మనిషి గరిటె పడేయదు. ఐదు కిలోల బియ్యం ఖరీదు ఆ పులుసు. అది దించాకే వెళ్తుంది. ఇంత చిన్న విషయం పద్దు రాసిన రచయిత్రికి తెలియకుండా ఉండదు. తెలిసినదాన్ని ఆమె చేత చెరిపించింది మేము. ఆ పాత్ర చివర కొయ్యబొమ్మ అయిందంటే అందులో నా పావుగంట ఉపన్యాసం వాటా ఉంది.

ఆ తరవాత ఆమె మా సమావేశాలకు రావడం తగ్గించింది. పనుల వల్లనో, మా వల్లనో నేను అడగలేదు.

సభ రోజున పంచిన జిరాక్సు ప్రతి ఒకటి నా దగ్గరుంది. చివరి పేజీ అంచున నా చేతిరాతతోనే “ముగింపు బలహీనం” అని ఉంది. అచ్చుకు ఆమె అనుమతి అడుగుతూ నిన్న ఉత్తరం రాశాను. ఒప్పుకుంటే ఆ ప్రతిని సంపాదకులకు పంపుతాను. అంచున ఉన్న రాత కొట్టివేయలేదు.