మ్యాపులో వాడ ఎక్కడ?

పట్టణ ప్రణాళికా నిపుణులూ, ప్రజారోగ్య నిపుణులూ కలిసి పనిచేయాలన్న మాట యివాళ చాలా సెమినార్లలో వినబడుతోంది. మంచిమాటే. కాని వాళ్లు విడివిడిగా వుండటం వల్లే జనానికి జబ్బులు వస్తున్నాయనడం సగం నిజం. వాళ్లు కలిసినా విడిపోయినా వాడ ఎక్కడుండాలో, మురుగు ఎటు పారాలో ముందే తేలిపోయి వుంది. తేల్చింది కులం.

నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో వున్న రోజుల్లో టౌన్ ప్లానింగ్ చట్టం 1920లో వచ్చింది, ప్రజారోగ్య చట్టం 1939లో. ఒకటి వీధుల్ని చూసుకుంది, రెండోది అంటురోగాల్ని. తర్వాత 74వ రాజ్యాంగ సవరణ ఈ రెండు పనుల్నీ 12వ షెడ్యూలులోని 18 అంశాల జాబితాలో పక్కపక్కన పెట్టి మునిసిపాలిటీల చేతికిమ్మంది. అంటే కాగితం మీద కలయిక 1993లోనే జరిగిపోయింది. పాకీపని నిషేధ చట్టం కూడా ఆ యేడాదిదే. అది సరిపోలేదని 2013లో మరో చట్టం తెచ్చారు. మురుగు గొయ్యిలో చనిపోయినవారి కుటుంబానికి 2014లో 10 లక్షలన్న సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలంది. పరిహారం పెరిగింది. మనిషి దిగక్కర్లేని డ్రైనేజీ ఎందుకు గీయలేదని ప్లానరునీ, దిగినవాడి ఊపిరి సంగతేమిటని హెల్త్ ఆఫీసరునీ అడిగిందెవరు?

2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరులో పొర్లుకట్ట, భగత్‌సింగ్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఏటి ఒడ్డున పేదలు ఎందుకు కాపురముంటారు? ఎత్తు నేల వాళ్లకి దక్కదు గనక. వరద తీశాక బ్లీచింగ్ పౌడరూ, మెడికల్ క్యాంపూ వస్తాయి. యిది ప్లాను చేసిన తప్పుకి ఆరోగ్యశాఖ కట్టే కట్టు. దీన్ని సమన్వయం అనలేం.

పట్నం దాటి సముద్రం వైపు వెళితే సంగతి యింకా తేటపడుతుంది. తీరాన ఏ పని ఎక్కడ చేయాలో చెప్పే నోటిఫికేషన్ 1991లో వచ్చింది. రొయ్యల గుంటల వల్ల తాగేనీళ్లు ఉప్పబడుతున్నాయన్న కేసులో, ఆ హద్దుల్లోని గుంటల్ని తీసేయమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. భూమికీ ఒంటికీ వున్న సంబంధాన్ని కోర్టు గుర్తించిన అరుదైన సందర్భమది. 2005లో పార్లమెంటు చట్టం చేసి, ఆ నోటిఫికేషన్ రొయ్యల సాగుకి 1991 నుంచే వర్తించదనేసింది! గుంట యజమాని క్యాన్ నీళ్లు కొనుక్కోగలడు. కూలికెళ్లే ఆడమనిషి బిందె పట్టుకుని ఎంతదూరం నడవాలి?

యింకో ప్రమాదం కూడా వుంది. ప్లానరూ డాక్టరూ మనల్ని పక్కనబెట్టి కలిస్తే, 'మురికివాడ' అనారోగ్యకరమని సర్టిఫికెట్ యిచ్చి గుడిసెలు పీకేయడం సులువవుతుంది. అందుకే కలయిక ఒక్కటే చాలదు. ఎవరి షరతుల మీద అన్నది తేలాలి. ఆసుపత్రి రిజిస్టరులోని జబ్బుల్ని వాడలవారీగా లెక్కగట్టి ప్లాను పక్కన పరచాలి. వాడ నీళ్లు పరీక్షించకుండా, వాడ జనం సమ్మతి లేకుండా గుంటకీ, కాలవకీ, చెత్తదిబ్బకీ అనుమతి యివ్వకూడదు. పారిశుధ్య కార్మికులు ఆ కమిటీలో హక్కుగా కూర్చోవాలి.

మురుగు ఎటు పారుతుందో దాన్ని ఎత్తేవాడికి తెలిసినంతగా యింకెవరికి తెలుసు? వాడిని అడక్కుండా గీసిన మ్యాపు ఎంతమంది నిపుణులు సంతకం పెట్టినా ఊరి మ్యాపే. అందులో వాడ వుండదు.