సామూహిక ప్రార్థన కూటము: ‘ఆమేన్’ అనగలిగేది ఎవరు?

మన సంఘములలో ప్రార్థన కూటము ఏర్పాటు చేయాలనుకున్నప్పుడు ముందుగా చర్చకు వచ్చేవి స్థలము, షామియానా, మైకు సెట్టు, ప్రసంగీకుడు, భోజనము. ఎవరు ప్రార్థించాలి, ఎంతసేపు, దేని కొరకు అన్నవి మాత్రము అప్పటికప్పుడు “ఆత్మ నడిపింపు”కు వదిలివేస్తాము. పాటలు, సాక్ష్యములు, వర్తమానము, ప్రకటనలు పోగా ఉపవాస కూటములో ప్రార్థనకు చివరి కొద్ది నిమిషములే మిగలడము అరుదు కాదు. ఈ అలవాటును 1 కొరింథీ 14వ అధ్యాయము వెలుగులో పరిశీలించడమే ఈ వ్యాసము ఉద్దేశము.

1. క్రమము ఆత్మకు విరోధమా?

ప్రణాళికను వ్యతిరేకించేవారు 1 థెస్స 5:19ను చూపిస్తారు. ఆత్మను ఆర్పకూడదన్న ఆ హెచ్చరికను తేలికగా తీసుకోలేము. అయితే అదే పౌలు, భాషలతో మాటలాడేవారు ఇద్దరు లేక ముగ్గురికి మించకూడదని, వంతుల చొప్పున మాటలాడాలని కొరింథు సంఘమునకు వ్రాశాడు (14:27). కూర్చున్న మరొకనికి ఏదైనా బయలుపరచబడితే మొదటివాడు ఆగాలన్నాడు (14:30). వరములను ఆసక్తితో కోరుకొనుమన్న అధ్యాయములోనే ఈ నియమములూ ఉన్నాయి. అపొ.కా. 4:24-30లో విశ్వాసులు ఏకముగా స్వరమెత్తినప్పుడు సైతము వారి ప్రార్థన 2వ కీర్తన మీద ఆనుకొని సాగింది.

పౌలు ఇచ్చిన అసలు కొలత 14:16లో ఉన్నది. అక్కడి ‘ఇదియోతేస్’ అనే గ్రీకు మాటకు వెలుపలివాడనీ, ఉపదేశము లేనివాడనీ వ్యాఖ్యాతలు వేర్వేరుగా అర్థము చెబుతారు. ఏ అర్థము తీసుకున్నా ప్రశ్న ఒకటే: మాట అందక కూర్చున్న ఆ మనిషి ‘ఆమేన్’ అనగలడా?

2. రెండు చారిత్రక ఉదాహరణలు

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండపై లైమన్ జువెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ప్రార్థించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన ప్రసంగములలో ఈ రెండు తేదీలను ఒకే వాక్యములో కలిపి, పెద్ద కూటమునకు పెద్ద ఫలితమన్న ధ్వనితో చెబుతుంటాము. మధ్యనున్న 24 సంవత్సరముల సేవను, 1876-78 నాటి కరువును, జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కూలి చూపించి జనులను ఆదుకొనుటను దాటవేస్తాము. కొండమీద కూడినవారు ఐదుగురే అన్నది కూడా మరచిపోతాము.

న్యూయార్కులోని ఫుల్టన్ వీధిలో జెరెమియా లాన్ఫియర్ 1857 సెప్టెంబరు 23 మధ్యాహ్నము ప్రారంభించిన కూటమునకు మొదటి దినము వచ్చినవారు ఆరుగురు. పనివారు తమ విరామములో వచ్చిపోవుటకు వీలుగా దానికి ఒక గంట సమయము నిర్ణయించారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషములకు మించి అవకాశము లేదు. వివాదాస్పద విషయములు ఎత్తకూడదు. వారముల వ్యవధిలోనే అది దినదిన కూటమైనది. ఆ నియమములు ఆత్మను ఆర్పిన దాఖలా కనబడదు.

3. మన లోపములు

మొదటిది కాలము. కూలికి వెళ్లి వచ్చిన సోదరి రాత్రి పది దాటిన తరువాత కూడా కూర్చోవలసి వస్తే, కూటము ఎవరి వీలు చూసి ఏర్పాటైనట్లు? రెండవది స్వరము. అపొ.కా. 1:14లో స్త్రీలు కూడా ప్రార్థనలో ఉన్నారు. 1 కొరింథీ 11:5 స్త్రీ ప్రార్థించుటను అంగీకరించే మాటలాడుతుంది. మన కూటములలో మైకు ఇద్దరు ముగ్గురు పెద్దల చేతులు దాటదు. మూడవది అన్నిటికంటె బాధాకరమైనది. పిల్లలు లేని బాధను, భర్త త్రాగుడును ఒక స్త్రీ కాపరి చెవిలో చెప్పుకుంటే, అది “ప్రార్థన అంశము” పేరుతో మైకులో వీధి అంతటికీ వినబడుతుంది. ఆమె మరుసటి వారము రాకపోతే విశ్వాసము చల్లారిందంటాము.

ముగింపు

గంట కొట్టి ఆపినంత మాత్రాన భక్తి రాదు. క్రమము కూడా ప్రాణములేని ఆచారము కాగలదు. అయినను ప్రణాళిక లేనిచోట ఏలేది ఎల్లప్పుడూ ఆత్మ కాదు, తరచుగా బలమైన గొంతు. కనుక ప్రార్థనకు సగము సమయమైనా ముందే కేటాయించాలి. క్లుప్తముగా, వంతుల చొప్పున ప్రార్థించాలి. అనుమతి లేనిదే ఎవరి బాధనూ పేరుతో ప్రకటించకూడదు. మౌనమునకూ కొంత చోటివ్వాలి. కూటము ముగిసినప్పుడు ఎంతమంది వచ్చారని కాక, వెనుక వరుసలో చాపమీద కూర్చున్న ఆమె ‘ఆమేన్’ అన్నదా అని కాపరి తనను తాను ప్రశ్నించుకోవాలి.