'విలేజ్' అంటే ఎవరి ఊరు?

కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి మెట్టన మాలపల్లె మనిషి అంగడికి బయల్దేరుతూ 'ఊళ్ళోకి పోయొస్తా' అంటాడు. అంటే తానుండేది ఊరు కాదనే గదా! 'ఊరన్నాక మాలపల్లె ఉండదా' అనే సామెతలో కూడా ఊరు వేరు, పల్లె వేరు. ఇంగ్లీషులో 'విలేజ్' అని రాయగానే ఈ తేడా మాయమైపోతుంది. మన పరిశోధకులు ఆ మాటను గుడ్డిగా వాడుతున్నారన్నదే మా అభ్యంతరం.

ఆ మాట పుట్టుక కూడా చూడాలి. లాటిన్‌లో 'విల్లా' అంటే భూస్వామి కమతం. ఆ కమతానికి కట్టుబడ్డ కూలి మనిషి పేరు నుంచే దుర్మార్గుడనే అర్థంలో 'విలన్' పుట్టింది. దొరకు ఇల్లు, కూలోడికి తిట్టు! ఆ సంగతి మనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక జనాభా లెక్కలు. అక్కడ విలేజ్ అంటే రెవెన్యూ గ్రామం, అంటే సర్వే హద్దులున్న భూమి. ఒక్క దీపం వెలగని బేచిరాగు గ్రామానికి కూడా లెక్కల్లో ఒక వరస ఉంటుంది. ఊరికి దూరంగా వందల మంది బతికే వాడకు మాత్రం విడి వరస లేదు. అది 'హామ్లెట్', మజరా, తల్లి గ్రామంలో కలిపేస్తారు. చెరువు కట్ట మీది యానాదుల గుడిసెల సంగతి చెప్పనే అక్కర్లేదు. మనుషుల్ని కాదు, భూమిని లెక్కబెట్టే మాట ఇది.

1992 సారా ఉద్యమాన్నే తీసుకోండి. ఉదయగిరి వైపు దూబగుంటలో రాజుకుని, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా పోయింది. దాని గురించి ఇంగ్లీషులో 'విలేజ్ ఉమెన్' అని ఎంత రాశారో! ముందు నడిచిన వాళ్ళలో దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళు ఏ వాడ నుంచి వచ్చారో ఆ మాట చెప్పదు. పొగడ్తలో కూడా కులం దాచెయ్యొచ్చు.

అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని అజ్ఞానానికీ సంకుచితత్వానికీ నెలవుగా చెప్పి, వ్యక్తినే ప్రాతిపదికగా నిలబెట్టారు. ఆయన ఆ మాట అన్నది ఇంగ్లీషులోనే. కాబట్టి తప్పు భాషది కాదు. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదే అసలు సంగతి. తెలుగులో మాత్రం ఏం తక్కువ? సినిమా పాటల 'పల్లె' పచ్చగా ఉంటుంది, అందులో మాలపల్లె కనపడదు. ఉన్నవ 1922 నవల పేరు 'మాలపల్లి'ని 'విలేజ్' అని తర్జుమా చేస్తే, ఊరు బయటికి నెట్టిన దాన్నే ఊరుగా చూపించినట్టవుతుంది.

విద్యార్థులు 'విలేజ్ స్టడీ' అని మొదలుపెట్టేటప్పుడు ఊరూ వాడా విడిగా రాయండి. బావి ఎవరిది, శ్మశానానికి దారి ఎటు, బస్సు ఎక్కడ ఆగుతుంది, అన్నీ రాయండి. వాడవాళ్ళు తమ చోటును ఏమని పిలుచుకుంటారో అడగండి. 1985 జులై 17 హత్యాకాండ తర్వాత కారంచేడు మాదిగలు ఊరికి తిరిగిపోకుండా చీరాలలో నిలబడ్డారు. అక్కడి తమ చోటుకు విజయనగర్ కాలనీ అని పేరు పెట్టుకున్నారు.