ఒక్క సిమ్ము, బస్సంతా నెట్టు

దమ్మపేట, అశ్వారావుపేట, సత్తుపల్లి వైపు నుంచి బయల్దేరే కాశీ యాత్ర బస్సులు కొన్ని కాశీతో ఆగవు. గయ, ప్రయాగ, అయోధ్య చూసుకుని, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దగ్గర సరిహద్దు దాటి నేపాల్లోకి వెళతాయి. పశుపతినాథుడు, పోఖరా, ఓపికున్న వాళ్లకు ముక్తినాథ్. పాస్‌పోర్టు లేకున్నా ఓటరు కార్డుతో వెళ్లగలిగే దేశం కాబట్టి మా వైపు చాలామంది పెద్దవాళ్లకు అదే మొదటి విదేశం. అక్కడ గడియారం మనకంటే పావుగంట ముందుంటుంది. మన సిమ్‌కు రోమింగ్ వేయించుకోకపోతే మాత్రం సరిహద్దు దాటిన కాసేపటికే ఫోన్లో డేటా ఉండదు.

బస్సులో అందరూ రోమింగ్ వేయించుకోరు. ఎవరో ఒక కుర్రాడు ఎన్‌సెల్ సిమ్మో, నేపాల్ టెలికాం సిమ్మో కొని "హాట్‌స్పాట్ ఆన్ చేశా, కనెక్ట్ చేసుకోండి" అంటాడు. "బాబూ, నా ఫోన్లో కూడా కాస్త నెట్ పెట్టవా" అంటూ వెనక సీట్లలోంచి ఫోన్లు ఒక్కొక్కటే ముందుకొస్తాయి. కాసేపట్లో ఒక పామాయిల్ రైతు ఇంటివాళ్లతో వీడియో కాల్లో ఉంటాడు. గెలలు కోయించారా, అప్పారావుపేట ఫ్యాక్టరీకి ట్రాక్టరు వెళ్లిందా అని ఆరా తీస్తుంటాడు. ఆ కుర్రాడి మంచితనం సరే. అతని చేతిలోని ఫోను ఆ కాసేపట్లో చేసిన పనిని దగ్గర నుంచి చూస్తే, దాన్ని రూపొందించిన వాళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

హాట్‌స్పాట్ ఆన్ కాగానే ఫోను తన పేరు చాటుకోవడం మొదలుపెడుతుంది, సెకనుకు దాదాపు పదిసార్లు. ఆ పేరు 32 బైట్లు మించకూడదు. తెలుగులో పెట్టుకోవచ్చు కానీ మన అక్షరమూ గుణింతం గుర్తూ పొల్లూ ఒక్కోటి మూడేసి బైట్లు తీసుకుంటాయి. "దమ్మపేట" అని పెడితే 21 బైట్లు, హాయిగా పడుతుంది. "దమ్మపేట బస్సు" అంటే 37, పట్టదు.

తర్వాత పాస్‌వర్డు. కనీసం ఎనిమిది అక్షరాలుండాలి. ఇప్పుడు ఎక్కువ ఫోన్లలో ఉన్న డబ్ల్యుపీఏ2 పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, బస్సంతా వినేలా అరిచి చెప్పుకున్న ఆ పాస్‌వర్డును ఫోన్లు మాత్రం గాల్లోకి ఒక్కసారి కూడా పంపవు. ఇటు ఫోనూ అటు ఫోనూ పాస్‌వర్డునీ హాట్‌స్పాట్ పేరునీ కలిపి దేని లెక్క అది చేసుకుంటాయి. ఆ లెక్క 4,096 సార్లు తిరుగుతుంది. దొంగతనంగా ఊహించి చూసేవాడు ప్రతి ఊహకీ అంత శ్రమా పడాలి, అందుకే అన్ని తిప్పులు. ఆపైన నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుని, ఒకరి దగ్గరున్నదే రెండోవారి దగ్గరా ఉందని తేల్చుకుంటాయి. కలిసిన ప్రతి ఫోనుకూ విడిగా ఒక తాళం తయారవుతుంది.

అసలు కష్టం ఇక్కడి నుంచి. నేపాల్ కంపెనీ నెట్ ఇచ్చింది ఒక్క సిమ్‌కి. దాన్ని పదిమంది వాడుకోవాలి, ఎవరి జవాబు వాళ్లకే చేరాలి. భద్రాచలం గుడి దగ్గర చెప్పుల స్టాండులో టోకెన్లు ఇచ్చే మనిషిని గమనించండి. చెప్పులు ఎవరివో ఆయనకు అక్కర్లేదు, టోకెన్ నంబరే ఆధారం. హాట్‌స్పాట్ ఫోను చేసేదీ అదే. లోపలి ఫోన్లకు తనే తలా ఒక చిరునామా ఇస్తుంది, తరచుగా 192.168తో మొదలయ్యేది. బయటికి వెళ్లే ప్రతి డేటా ముక్క మీదా ఆ చిరునామా చెరిపి తన చిరునామా, పక్కన ఒక నంబరు రాస్తుంది. ఏ నంబరు ఎవరిదో పట్టికలో వేసుకుంటుంది. జవాబు వచ్చాక నంబరు చూసి, పాత చిరునామా తిరిగి రాసి అందిస్తుంది. వీడియో కాల్ నడుస్తున్నంతసేపూ ఈ చెరపడం, రాయడం క్షణం ఆగదు. కొంతసేపు వాడని వరుసల్ని పట్టికలోంచి తనే తీసేస్తుంది.

ఈ పద్ధతికి పునాదిని, అంటే ఒక చిరునామా చెరిపి మరోటి రాయడాన్ని, కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు 1994 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో వివరించారు. ఆనాటి ఇంటర్నెట్ పద్ధతిలో ఉన్న చిరునామాలు దాదాపు 429 కోట్లే, అవి చాలవని అప్పటికే తెలిసిపోయింది. తాత్కాలిక ఉపాయం అని వాళ్లే రాసుకున్నారు. 2010 మేలో ఆండ్రాయిడ్ 2.2తో హాట్‌స్పాట్ ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చింది, 2011లో ఐఫోన్‌కూ వైఫై హాట్‌స్పాట్ చేరింది. ఆ తాత్కాలిక ఉపాయం ఇప్పటికీ బస్సులో సీటు సీటుకీ పనిచేస్తోంది.

నేపాల్ సిమ్ కాకుండా మన సిమ్ రోమింగ్ నుంచే నెట్ పంచితే దారి మారుతుంది. సాధారణంగా ఆ డేటా ముందు మన దేశంలోని మన కంపెనీ దగ్గరికి వెళ్లి అక్కడి నుంచే బయటికి పోతుంది. పోఖరాలో కూర్చున్నా వెబ్‌సైట్ల కంటికి ఇండియాలోనే ఉంటాం. ఎవరి నెట్ వాడినా వాట్సాప్ మన పాత నంబరుతోనే నడుస్తుంది. బ్యాంకు ఓటీపీ మాత్రం ఎస్సెమ్మెస్సుగా మన సిమ్‌కే రావాలి, హాట్‌స్పాట్ దాన్ని తెచ్చిపెట్టలేదు. యాత్రకు ముందే ఇంటికొకరైనా రోమింగ్ వేయించుకుంటే మంచిది.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఒక చిన్న పని. వైఫై అనగానే ఫోన్లు దాన్ని ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అనుకుంటాయి. యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటాయి, ఫొటోలన్నీ ఎక్కించేస్తాయి. అలా జరిగితే ఆ కుర్రాడి డేటా గంటలో అయిపోతుంది. అందుకే ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్ ఫోను, కలిసిన ఫోనుకు చిరునామా ఇచ్చేటప్పుడే పక్కన "ఆండ్రాయిడ్ మీటర్డ్" అనే మాట కూడా పెడుతుంది. ఇంగ్లిషులో మధ్య గీతతో కలిపి 15 అక్షరాలు. కలిసింది కూడా ఆండ్రాయిడ్ ఫోనే అయితే, ఇది ఒకరు కొనుక్కున్న డేటా అని గ్రహించి పెద్ద డౌన్‌లోడ్లు ఆపుకుంటుంది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 నుంచీ ఉన్న ఏర్పాటిది. ఇచ్చేవాడి జేబు గురించి ఆలోచించిన ఇంజినీరు ఎవరో గానీ ఆ పనికి నా మనసులో పెద్ద పీట ఉంది.

లోటు లేదని కాదు. హాట్‌స్పాట్ ఫోను చార్జింగ్ తొందరగా దిగిపోతుంది. ఆ కుర్రాడు టీ తాగడానికి దిగితే బస్సంతా నెట్ పోతుంది. మనిషికింత అని విడివిడిగా హద్దు పెట్టే వీలు చాలా ఫోన్లలో లేదు, మొత్తానికి కలిపి ఒక హద్దు పెట్టుకోవడం కొన్నిట్లో ఉంది. ఎవరి డేటా ఎవరిదో విడదీసే పట్టిక ఎలాగూ ఫోన్లోనే ఉంది కదా, దాని మీదే మనిషికో లెక్క కట్టి చూపించడం ఇన్ని చేసినవాళ్లకు కష్టమేమీ కాదు. అది ప్రతి ఫోన్లోనూ రావాలి.