ఎముకను సాకే చేతులు

మజ్జలోంచి తీసిన మూలకణాలను సాకేవాళ్లకు ఆదివారమూ లేదు, పండగా లేదు. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో, ప్లాస్టిక్ ఫ్లాస్కు అడుగుకు అతుక్కుని సన్నగా, పొడుగ్గా సాగే ఆ కణాలకు రెండు మూడు రోజులకోసారి పోషక ద్రవం మార్చాల్సిందే. ఎర్రటి ద్రవం పసుపుకు తిరిగిందంటే ఆమ్లం పెరిగిందని చూపుతోనే పట్టేస్తారు. అడుగు నిండకముందే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పోసి, ఫ్లాస్కును అరచేత్తో మెల్లగా తట్టి, కణాలను ఊడదీసి, నారు తీసి నాటినట్టు కొత్త ఫ్లాస్కుల్లోకి పంచుతారు. తొందరపడితే ఊడిరావు, ఆలస్యమైతే దెబ్బతింటాయి. ఆపైన డెక్సామెథాసోన్, విటమిన్ సి, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కలిపిన ద్రవం అందిస్తే అవి ఎముక కణాలయ్యే దారి పడతాయి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గోర్డానా వున్యాక్-నోవాకోవిచ్ బృందం పనితనం చూడండి. పాత కణాలన్నీ కడిగేసిన ఎముకను, స్కాన్ చిత్రాలను బట్టి మనిషి దవడ కీలు ఆకారంలో చెక్కారు. దాని రంధ్రాల్లోకి మూలకణాలు ఎక్కించి, అదే ఆకారానికి సరిపోయే గదిలో పెట్టి, 5 వారాలపాటు పోషక ద్రవాన్ని ముక్క లోపలి నుంచి పారించారు. పైపైన తడిస్తే చాలదు మరి. నట్టనడుమ ఉన్న కణానికీ ఆక్సిజన్ అందాలి. దవడ ఎముక పోయినవాళ్లకు తుంటి నుంచో కాలి నుంచో ముక్క కోసి అతకడం డాక్టర్లకు అలవాటైన పద్ధతి. ఒక గాయం మాన్పడానికి ఇంకో గాయం! ఆ రెండో కోత తప్పించాలనే ఇంత సాకుడు. అందుకే ఆ ఓపికకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.