మనిషికి బదులుగా రూపచిత్రం: ‘కిర్క్‌పాట్రిక్ పిల్లలు’

యూరప్ పునరుజ్జీవన కాలంలో రూపచిత్రం చాలాసార్లు మనిషికి బదులుగా ప్రయాణం చేసేది. జర్మనీలో పుట్టి ఇంగ్లండ్ రాజు కొలువులో పనిచేసిన హోల్బైన్, 1539లో క్లీవ్స్ రాకుమారి ఆన్‌ను చిత్రించింది ఎనిమిదో హెన్రీకి పెళ్లికూతురిని చూపించడానికే. ఆ సంప్రదాయం మన పాతబస్తీ కుటుంబాన్ని తాకిన సందర్భం ఒకటుంది. మూసీకి ఇవతలి దేవిడీలో పెరిగిన ఖైరున్నీసా, అవతలి ఒడ్డున కోఠీ భవనం కట్టించిన బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్‌ల పిల్లలు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805లో చదువుకోసం వారిని ఇంగ్లండ్ పంపించారు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చినరీ వారిని చిత్రించాడు. ఈయన 1802లో ఇంగ్లండ్ వదిలినవాడు; తిరిగి వెళ్లకుండానే 1852లో మకావులో మరణించాడు.

చిత్రాన్ని గమనించండి. వెనుక తెర, మెట్లు ఇంగ్లీషు పద్ధతికి చెందిన సరంజామా. ఆ తెర ఏ దొర వెనకైనా వేలాడగలదు. పిల్లల ఒంటిమీద మాత్రం నిజాం దర్బారు దుస్తులు: జరీ అంచు జామా, టోపీ, ముత్యాల హారాలు. నాలుగేళ్ల బాబు మనవైపు నిబ్బరంగా చూస్తాడు. మూడేళ్ల పాప చూపు కిందికి వాలి ఉంటుంది. రాయ్ వెంకటాచలం వంటి ఆనాటి హైదరాబాదు చిత్రకారులు ముఖాన్ని ఎక్కువగా పక్కనుంచి చూపేవారు. హోదా తెలిసేది, దిగులు తెలిసేది కాదు. చినరీ అలవాటైన పద్ధతిని పక్కనపెట్టి నిజంగా చూసి గీసింది ఈ పాప కళ్లనే అని నా అభిప్రాయం.

దీన్ని తూర్పుదేశపు వేషాల మీద మోజుగా కొట్టిపారేయడం సులువు. కాని ఇవి వేషాలు కావు, ఆ పిల్లల ఇంటి బట్టలు. 1806 మార్చిలో లండన్‌లో బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని కొత్త పేర్లు పెట్టారు. తండ్రి అంతకుముందే, 1805 అక్టోబరులో, కలకత్తాలో కన్నుమూశాడు. తల్లి 1813లో మరణించేదాకా బిడ్డలను మళ్లీ చూడలేదు.

చిత్రం తర్వాతి కాలంలో రెసిడెంట్ అయిన హెన్రీ రస్సెల్ ద్వారా ఇంగ్లండ్ చేరింది. పెద్దయ్యాక కేథరిన్ దాన్ని ఆయన ఇంట్లో చూసింది. చివరికి అది ఆమెకే దక్కింది. తర్వాత హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సేకరణలో చేరింది. కోఠీ భవనాన్ని మీరు వెళ్లి చూడవచ్చు; ఈ పిల్లలను మాత్రం అచ్చుబొమ్మల్లోనే చూడాలి.