రెండొందల మందికి ఎసరు

మా అమ్మమ్మ మాటొస్తే ఊళ్ళో ఎవరైనా ముందు "చల్లని తల్లి" అంటారు, ఆ వెంటనే "అన్నపూర్ణ" అంటారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయినా అదే వరస. అభిమానంతో అనే మాటలే, కాదనను. అయితే మనసు మంచిదైనంత మాత్రాన రెండొందల మందికి పులుసు కుదరదు కదా! మనసుతో పాటు ఆవిడకి విద్య ఉంది. దాని మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

కోనసీమలో, వైనతేయ పాయకి దగ్గర్లో అమ్మమ్మగారి ఊరు. కేటరింగు అన్నది ఇంకా అటువైపు రాని రోజులు. పెళ్ళయినా, పెద్దకార్యమయినా, రాములవారి కల్యాణమయినా డబ్బున్నవాళ్ళు వంటవాళ్ళని పిలిపించుకునేవారు, లేనివాళ్ళు అమ్మమ్మ గడప తొక్కేవారు.

"అత్తయ్యగారూ, రెండొందల మంది దాకా అవుతారండి."

"రెండొందలంటే ఎవరెవరమ్మా? పిల్లలెంతమంది? చేలోంచి తిన్నగా వచ్చేవాళ్ళెంతమంది? పళ్ళూడిన ముసలాళ్ళెంతమంది?"

తలలు కాదు, ఆకళ్ళు లెక్కపెట్టేది. ఆవిడ లెక్కలో తవ్వెడు బియ్యం నీడపట్టున ఉండేవాళ్ళకయితే నలుగురికి, పొలం చేసొచ్చినవాళ్ళకయితే ఇద్దరికి. తవ్వంటే రెండు సోలలు, కుంచంలో ఎనిమిదో వంతు. కిలోలు తప్ప ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను.

అసలు పనితనం పొయ్యి దగ్గర చూడాలి. గాడిపొయ్యి తవ్వించే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, నోరు అటువైపు పెట్టించేది. ఎండు కొబ్బరిమట్ట భగ్గున మండి చప్పున ఆరిపోతుంది, కాబట్టి అది అంటించడానికే. నిలకడ మంటకి సరుగుడు కట్టె. పప్పు పొంగొచ్చే వేళకి కట్టెలు వెనక్కి లాగించి నిప్పుల మీద వదిలేసేది, ఉప్పు మాత్రం పప్పు మెదిగాకే. పదిమంది పులుసుకి పోసే నీళ్ళని ఇరవైతో హెచ్చవేసి గుండిగలో పోస్తే అది పులుసు కాదు, చింతపండు కడిగిన నీళ్ళు. పెద్ద గిన్నెలో ఆవిరయ్యేది ఆ లెక్కన పెరగదు మరి. ఈ సంగతి ఆవిడకి ఏ పుస్తకమూ చెప్పలేదు. నీళ్ళు తగ్గించి పోయించి, కాగుతుండగా గరిటెతో తీసి అరచేతిలో చుక్క వేసుకుని చూసేది.

అన్నం ఇంకా పలుకు మీద ఉండగానే వార్పించేది. చాప మీద తడిగుడ్డ పరిపించి, రాశిగా పోయించి, పైన ఇంకో గుడ్డ కప్పించేది. మిగతా ఉడుకు ఆ రాశిలోని వేడికే అయిపోతుంది. అంచులు చల్లారినా నడుమ పొగలు కక్కుతూనే ఉంటుంది. అందుకని మొదటి పంక్తికి అంచుల నుంచి, చివరి పంక్తికి నడుమ నుంచి తీయించేది. చివర తినేది ఎవరో ఆవిడకి తెలుసు: నీళ్ళు మోసినవాళ్ళు, కట్టెలు కొట్టినవాళ్ళు, పొద్దుట్నించీ పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు.

గుండిగలు, గంగాళాలు ఊరంతటి నుంచీ వచ్చేవి. ప్రతిదాని మీదా పేర్లు చెక్కే ఉండేవి గానీ అమ్మమ్మకి చదువు రాదు. సొట్టల్ని బట్టి ఏది ఎవరిదో చెప్పేది. మర్నాడు పొద్దెక్కేసరికి ఎవరి గిన్నె వాళ్ళ అరుగు మీద, తోమి, బోర్లించి.

ఇదంతా ఆవిడొక్కతే చేసిందంటే అన్యాయం. పనసకాయ పొట్టు కొట్టిందీ, అర్ధరాత్రి దాకా అంట్లు తోమిందీ మా అత్తయ్యలు. "పుణ్యం మీ అమ్మమ్మకీ, నడుంనొప్పి మాకూనురా" అని పెద్దత్తయ్య ఇప్పటికీ నవ్వుతూనే అంటుంది, ఉన్నమాటే అంటుంది. ఇంకొకటి. అన్నం రాశి ఒకటే గానీ కులాన్ని బట్టి పంక్తులు వేరు. అమ్మమ్మ దాన్ని కాదన్నట్టు నేనెన్నడూ వినలేదు. ప్రేమకొద్దీ దాచిపెట్టాల్సిన విషయం కాదిది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని కుదిపేసింది. తెల్లారేసరికి కొబ్బరితోటలు నేలకొరిగి ఉన్నాయి, దారులన్నిటికీ చెట్లు అడ్డం, పాకలు లేవు. జనం బడిలో తలదాచుకున్నారు. ఎండుపుల్ల దొరకని ఆ పొద్దున అమ్మమ్మ తన ఇంటి అటక మీది కొబ్బరి డొక్కలు, చిప్పలు దింపించింది. తడిసిన బియ్యం ఆగవు గనక అవి ముందు వండించి, పొడి బియ్యం జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. నూతినీళ్ళు నమ్మకుండా తాగడానికి రాలిన బొండాలు కొట్టించింది. ఉప్పేసిన గంజి ముందు పిల్లలకి. బడి వరండాలో వేరు పంక్తులకి చోటు లేదు, అందరూ ఒక్క వరసలోనే కూర్చున్నారు. ఆ తర్వాత జరిగిన పెళ్ళికి మళ్ళీ విడివిడిగానే కూర్చున్నారు, అదీ చెప్పాలి.

ఆ ప్రాంతంలో అన్నం మాటెత్తితే డొక్కా సీతమ్మగారి పేరు రాకమానదు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేదాకా గోదావరి పాయలు దాటొచ్చే బాటసారులకి వేళాపాళా చూడకుండా పెట్టిన మనిషి. వైనతేయ మీది అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టింది. మంచిదే. కానీ నేను విన్న సీతమ్మగారి కథలన్నిట్లోనూ దయ ఉంది. ఏ వేళకి ఎంత ఎసరు పెట్టేవారో, అర్ధరాత్రి దిగిన పదిమందికి పొయ్యి ఎలా రాజేసేవారో లేదు. అమ్మమ్మకి జరిగిందే ఆవిడకీ జరిగింది.

బళ్ళలో ఆ వంట ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? మా అమ్మమ్మలాంటి ఊరి ఆడవాళ్ళే. పథకం నిబంధన ప్రకారం వంద మంది పిల్లలకి ఇద్దరు. 2009లో కేంద్రం వాళ్ళకి నెలకి 1,000 రూపాయలు, అదీ ఏడాదిలో 10 నెలలకి, గౌరవ వేతనంగా నిర్ణయించింది. మన రాష్ట్రం 2019లో దాన్ని 3,000 చేసింది. అంటే రోజుకి నూరు రూపాయలు. పిల్లల ఆకలి తెలిసి, అన్నం మిగలకుండా, చాలకపోకుండా, రోజూ వేళకి వండిపెట్టడం ఒక విద్య. ఆ విద్యకి తగ్గ కూలీ ఇవ్వండి. పథకానికి సీతమ్మగారి పేరు పెట్టినవాళ్ళని అడుగుతున్నది ఇంతే.